సర్కారీ ఇంటి ప్లాను: మన్యంలో మార్పులు చేర్పులు

ఇంటి ప్లాను ముందే గీసి ఉంటుంది. అందులో ఉండబోయే కుటుంబం దాన్ని తన అవసరాలకు తగ్గట్టు సవరించుకుంటుంది. నగరాల్లో ఇది బిల్డరుకూ ఫ్లాటు కొనేవారికీ మధ్య సాగే బేరం. ఆంధ్రప్రదేశ్‌లోని అరకు లోయ, పాడేరు, చింతపల్లి కొండల్లో, అంటే మన్యంలో, వ్యవహారం వేరు. అక్కడ నమూనా ప్లాను ప్రభుత్వ గృహనిర్మాణ పథకంతో పాటు వస్తుంది, కట్టుకునేది లబ్ధిదారు కుటుంబమే, మార్పులు ఎక్కువగా చివరి బిల్లు పడ్డాక మొదలవుతాయి. వంట బయటికి జరుగుతుంది, వసారా పెరుగుతుంది, అటక తిరిగి వస్తుంది, పాత ఇల్లు కూలకుండా కొత్తదానికి తోడుగా నిలుస్తుంది. ఈ వ్యాసం ఆ మార్పుల నేపథ్యాన్ని, రకాలను, సాంకేతిక హద్దులను, వాటిపై జరుగుతున్న చర్చను వివరిస్తుంది.

ప్రాంతం, ప్రజలు

పూర్వం విశాఖ ఏజెన్సీగా పిలిచిన ప్రాంతం 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలో అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగూడ, హుకుంపేట, ముంచింగిపుట్టు, పెదబయలు, పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు మండలాలు ఉన్నాయి. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంటుంది. చుట్టూ ఉన్న శిఖరాల్లో గాలికొండ 1,600 మీటర్లు దాటుతుంది. నైరుతి వానలు గట్టిగా కురుస్తాయి. పుష్యమాఘాల్లో లంబసింగి, చింతపల్లి వైపు ఉష్ణోగ్రత రాష్ట్రంలోకెల్లా కిందికి పడిపోతుంది. ఇంటికి ఇక్కడ రెండు పరీక్షలు: ఏటవాలు వాన, ఎముకలు కొరికే చలి.

బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, నూకదొర, కమ్మర, మాలి తెగలతో పాటు ఆదిమ తెగలుగా గుర్తింపు పొందిన గదబ, పోర్జ, ఖోండు కుటుంబాలు ఈ మండలాల్లో ఉన్నాయి. దక్షిణాన రంపచోడవరం, మారేడుమిల్లి కొండల్లో కొండరెడ్లు, ఉత్తరాన సీతంపేట, పార్వతీపురం కొండల్లో సవరలు, జాతాపులు నివసిస్తారు. ఇల్లు కట్టే పద్ధతి తెగను బట్టి, ఊరి ఎత్తును బట్టి, దగ్గర్లో దొరికే కలపను, గడ్డిని బట్టి మారుతూ వచ్చింది. ఒకే నమూనా అందరికీ నప్పకపోవడానికి మొదటి కారణం ఇదే.

బిల్డరు ఎందుకు లేడు

ఈ మండలాలు రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వస్తాయి. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1959లో భూబదలాయింపు నిబంధన, అంటే 1959 నాటి ఒకటో రెగ్యులేషన్, వచ్చింది. 1970లో చేసిన సవరణ, ప్రజలు వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచేది, దాన్ని మరింత బిగించింది. ఈ ప్రాంతంలో భూమి గిరిజనులకు, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘాలకు తప్ప మరొకరికి బదిలీ కాదు. గిరిజనేతరుల మధ్య జరిగే బదిలీ కూడా చెల్లదు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజులపై నడిచిన సమతా కేసులో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన తీర్పు, ప్రభుత్వం కూడా ఇక్కడి భూమిని గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని తేల్చింది.

ఫలితంగా లేఅవుట్లు వేసి విల్లాలు అమ్మే బిల్డరుకు ఇక్కడ చట్టబద్ధంగా చోటు లేదు. పక్కా ఇల్లు మన్యానికి ప్రధానంగా పథకం రూపంలోనే వచ్చింది. నగరంలో బిల్డరు చేసే పనిలో ప్లాను, కొలత, ధర నిర్ణయించడం ఇక్కడ గృహనిర్మాణ సంస్థకు దక్కింది. ఇటుక, ఇసుక మోయించి మేస్త్రిని వెతికి కట్టించే భారం మాత్రం కుటుంబం మీదే ఉంది.

పాత ఇంటి లెక్క

మార్పులు అర్థం కావాలంటే అంతకుముందున్న ఇల్లు తెలియాలి. అరకు ప్రాంతంలో, ఒడిశా సరిహద్దుకు అవతల కోరాపుట్‌లో, గదబల సంప్రదాయ ఇల్లు గుండ్రటి గోడపై శంఖాకారపు గడ్డి కప్పుతో ఉండేది, ఇప్పుడది అరుదైపోయింది. సవరల ఇళ్లు గోడకు గోడ ఆనుకుని వరుసగా సాగుతాయి. ఎత్తయిన అరుగు, బాగా కిందికి దిగిన చూరు వాటి గుర్తులు. మిగిలిన తెగల్లో దీర్ఘచతురస్రపు ఇల్లు ఎక్కువ. వెదురు తడికకు మట్టి మెత్తిన గోడలు లేదా ముద్దమట్టి గోడలు, దూలాలు, వాసాలు, పైన గడ్డి లేదా నాటుపెంకు. గోడలను ఎర్రమట్టితో, పేడతో అలికి పండుగలకు ముందు కొత్తగా పూస్తారు.

ఈ ఇంట్లో ప్రతి భాగానికీ ఒకటికి మించిన పనులుంటాయి. లోపలి పొయ్యి వంటకు, వెచ్చదనానికి, వెలుగుకు. పొయ్యిపైన అటక; అక్కడ దాచిన చోళ్లు, సామలు, మొక్కజొన్న విత్తనాలకు పొగ తగిలి పురుగు పట్టదు. అదే పొగ కప్పులోని వెదురును, గడ్డిని కాపాడి గడ్డి సందుల్లోంచి మెల్లగా బయటికి పోతుంది. కిటికీలు లేకపోవడం వెలుతురుకు లోటే అయినా చలికి మేలు. మందమైన మట్టి గోడ పగటి వేడిని రాత్రికి దాచి ఇస్తుంది. కిందికి దిగిన చూరు గోడను వాన నుంచి కాపాడుతుంది. ఆ చూరు కిందే అరుగు, అరుగు మీదే అతిథి, రోలు, కోళ్ల గంప. ఇల్లు కట్టే చోటును, ముహూర్తాన్ని పలు ఊళ్లలో జోస్యం చెప్పే దిసారి చెబుతాడు.

సర్కారీ నమూనా ఎలా మారింది

ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. కేంద్రం 1985-86లో ప్రారంభించిన ఇందిరా ఆవాస్ యోజన 1996 జనవరి 1 నుంచి స్వతంత్ర పథకమైంది. దాని కనీస విస్తీర్ణం 20 చదరపు మీటర్లు: ఆచరణలో ఒక గది, ముందు చిన్న వసారా. రాష్ట్రంలో 2006లో ఇందిరమ్మ కార్యక్రమం పెద్దయెత్తున ఇళ్లు మంజూరు చేసింది. మన్యం జనం వీటన్నిటినీ కలిపి కాలనీ ఇళ్లనే అంటారు.

2016లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కనీస విస్తీర్ణాన్ని వంటచోటుతో కలిపి 25 చదరపు మీటర్లకు, అంటే సుమారు 269 చదరపు అడుగులకు, పెంచింది. సాయం మైదానాల్లో 1.20 లక్షల రూపాయలు, కొండ రాష్ట్రాల్లో, కష్టతర ప్రాంతాల్లో 1.30 లక్షలు. ఇల్లు కనీసం 30 ఏళ్లు నిలవాలి, లబ్ధిదారే కట్టుకోవాలి, కాంట్రాక్టరు ఉండకూడదు అన్నవి దాని ప్రధాన నియమాలు. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన పేదలందరికీ ఇళ్లు కార్యక్రమపు నమూనా 340 చదరపు అడుగులు: హాలు, పడకగది, వంటగది, మరుగుదొడ్డి, వరండా.

ఆదిమ తెగల కోసం 2023 నవంబరు 15న జార్ఖండ్‌లోని ఖూంటీలో ప్రారంభమైన పీఎం జన్‌మన్ దేశమంతటా 75 తెగలకు ఉద్దేశించినది. దాని లక్ష్యం 4.90 లక్షల ఇళ్లు. ఇంటికి 2 లక్షల రూపాయల సాయం ఇస్తారు. ఉపాధి హామీ కూలి, మరుగుదొడ్డి సాయం కలిస్తే మొత్తం 2.39 లక్షలవుతుంది. సగంలో ఆగిన ఇళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో గిరిజనులకు 75,000, ఆదిమ తెగలకు లక్ష రూపాయల అదనపు సాయం ప్రకటించింది. ఇసుక, సిమెంటు, ఇటుక ఘాట్ రోడ్డు ఎక్కి రావడం, రోడ్డు ఆగిన చోటు నుంచి తలమీద మోయవలసి రావడం కొండమీద ఖర్చును పెంచే ప్రధాన కారణాలు.

తరచుగా జరిగే మార్పులు

పొయ్యి. నమూనాలో వంటగది ఇంటిలోపల ఒక మూలన ఉంటుంది. గ్యాసు పొయ్యికి అది సరిపోతుంది. కట్టెల పొయ్యి వెలిగిస్తే శ్లాబు కింద పొగ తిరుగుతుంది. దీపం పథకం 1999 నుంచి, ఉజ్జ్వల 2016 నుంచి గ్యాసు కనెక్షన్లు ఇచ్చినా సిలిండరు దూరం నుంచి రావాలి, కట్టెలు పొలం గట్టునే ఉంటాయి. పైగా చలికి నిప్పు కావాలి. అందుకే చాలా కుటుంబాలు వెనక తలుపుకు ఆనుకుని వంటపాక వేసుకుని, ప్లానులోని వంటగదిని ధాన్యం కొట్టుగా మారుస్తాయి. పునాదికి ముందే ఆలోచిస్తే దారులు రెండు: వంటగదికి బయటి గోడలు రెండూ దక్కేలా మూల ఎంచుకోవడం, ఆ గోడలపై కప్పుకు ఆనుకుని వెంటిలేటర్లు, పొగగొట్టానికి శ్లాబులో రంధ్రం వదలడం. శ్లాబు పోశాక రంధ్రం కొడితే ఇనుము తెగుతుంది, నీరు కారుతుంది.

వసారా. ప్లానులో వరండా మనిషి నిలబడేంతే. మన్యంలో అది పనిచోటు. అల్లం, పసుపు, మిరియాలు, రాజ్మా, కాఫీ గింజలు సర్దేది, కొలిచేది, బేరమాడేది అక్కడే. ఇంటి ముందు మూడు నాలుగు కర్రలు పాతి రేకులతో వాలు దించడం ఎక్కువగా కనిపించే చేర్పు. పర్యాటకులు వచ్చే ఊళ్లలో వరండాను మూసి గదిగానో చిన్న కొట్టుగానో మార్చేవారూ ఉన్నారు. మూసినప్పుడు హాలుకు వెలుతురు ఆగిపోతుంది. పక్కగోడకు కిటికీ ముందే పెట్టుకోవాలి.

అటక. చదునైన శ్లాబు కింద అటకకు ఎత్తు మిగలదు. లింటెల్ మట్టంలో అడుగున్నర, రెండడుగుల వెడల్పున సజ్జ పోయించుకోవడం దీనికి జవాబు. లింటెల్‌తో కలిపి పోస్తేనే అది బరువు మోస్తుంది. వెదురు గాదె పెట్టాలంటే నాలుగైదు అడుగుల నేల, తడి తగలకుండా కింద రాళ్లో చెక్కలో కావాలి. ఆ చోటు గదుల లెక్కలో ముందే తీయకపోతే మంచం బయటికి పోతుంది.

శ్లాబు పైన. నవంబరు నుంచి కాఫీ పళ్లు, గింజలు ఆరబెట్టే రోజులు. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చాక శుభ్రంగా ఆరబెట్టిన గింజకు విలువ మరింత తెలిసివచ్చింది. మట్టి తగలని చదునైన శ్లాబు ఇంటికి దొరికిన మంచి కళ్లం. నమూనాలో మెట్లు లేకపోతే నిచ్చెన వేస్తారు. ఓపిక ఉన్నవారు బయటి మెట్లు కట్టుకుంటారు. మెట్లను ఇంటిగోడకు తగిలించి వదలక సొంత పునాది మీద లేపాలి. ఆరబోతకు అడుగు ఎత్తు పిట్టగోడ, నీరు పోయే వాలు అవసరం.

పశువులు, కోళ్లు. ప్లాను వీటి గురించి మాట్లాడదు. శాలను ఇంటికి దిగువ వాలులో, బావికి, ఊటకు దూరంగా వేస్తే పేడనీరు ఇంటి పునాదిలోకి దిగదు.

మరుగుదొడ్డి. కొండ ఊళ్లకు ఊటనీరే పైపుల్లో దిగివస్తుంది. గుంతను ఊటకు ఎగువన తవ్వితే ఊరంతటికీ ముప్పు. గుంతకూ తాగునీటి వనరుకూ మధ్య కనీసం 10 మీటర్ల దూరం, వీలైతే దిగువ చోటు చూడాలి. నీటి కుళాయి అందని ఇళ్లలో ఈ గది కట్టెల గదిగా మారడం మామూలే. అలాంటి చోట మార్చవలసింది నీటి ఏర్పాటును.

గుమ్మం. కాలనీలో స్థలాలు రోడ్డు వెంట వరుసగా ఉంటాయి, గుమ్మాలన్నీ రోడ్డు వైపు చూస్తాయి. గాలీవానా కొట్టే వైపు, దిసారి మాట, పొరుగు బంధువుల ఇల్లు చూసుకుని కుటుంబాలు ప్లానును అద్దంలోలా తిప్పి కట్టుకుంటాయి. ముగ్గు పోసే రోజున చేస్తే పైసా ఖర్చులేని మార్పు ఇది.

పాత ఇల్లు. అన్నిటికన్నా పెద్ద మార్పు పాత ఇంటిని పడగొట్టకపోవడం. ముందు శ్లాబు ఇల్లు, వెనక పెంకుటిల్లు, మధ్య వాకిలి. పెట్టె, టీవీ, చదువుకునే పిల్లలు ముందింట్లో. పొయ్యి, ధాన్యం, ముసలివారి పడక వెనకింట్లో. చదరపు అడుగుల లెక్కలో రెండూ వేరు. బతుకులో రెండూ కలిసి ఒకే ఇల్లు. 25 చదరపు మీటర్లు చాలకపోవడాన్ని కుటుంబం ఈ విధంగా సరిదిద్దుకుంటుంది.

నిర్మాణపరమైన హద్దులు

నమూనా ఇళ్లు సాధారణంగా గోడలే బరువు మోసే కట్టడాలు. ఏ గోడ మీద శ్లాబు కూర్చుందో ఆ గోడను తర్వాత తీయడానికి వీల్లేదు. అందులో కొత్త తలుపు కావాలంటే పైన లింటెల్ వేసి, మూలకు కనీసం రెండడుగులు వదలి తెరవాలి. ఒక గోడలో తలుపులు, కిటికీల మొత్తం వెడల్పు ఆ గోడ పొడవులో సగం దాటకపోవడం మేలు. రేపు గది కలపాలనుకునే వైపు ఇప్పుడే లింటెల్ వేసి, కింద తలుపంత చోటును ఇటుకలతో తాత్కాలికంగా మూసి ఉంచితే తర్వాత గోడ కొట్టే పని తప్పుతుంది.

వాలు నేలలో ప్రమాదం పునాదిలోనే ఉంది. కొండను ఒక వైపు తవ్వి ఆ మట్టిని రెండో వైపు పోసి చదును చేస్తారు. తవ్విన వైపు నేల గట్టిది, పోసిన వైపు మెత్తనిది. సగం ఇల్లు పోత మట్టి మీద పడితే ఆ సగం కుంగి గోడ నిలువునా చీలుతుంది. పునాది అంతటా సహజ నేలను తాకేదాకా దిగాలి, లేదా ప్లానును వాలుకు అడ్డంగా పొడవుగా సాగదీసి తవ్వకాన్ని తగ్గించాలి. ఇంటికి ఎగువన నీటి కాలువ తీయడం, కోసిన గట్టుకు రాతికట్టు వేయడం అదనపు హంగులు కావు, పునాదిలో భాగాలే.

చేర్పులు మొదట కట్టిన ఇంటితో పాటు కుంగవు. కొత్త గోడ తన దారిన కుంగుతుంది. కాబట్టి తర్వాత కట్టే గదిని పాత గోడకు అతికించకుండా సన్నటి సందు వదలడం, లేదంటే మొదటి గోడలోనే ఇటుకలు పళ్లలా వదలి కలపడం మేస్త్రులు చేసే పని. రేకుల వాలుకు గాలి శత్రువు. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను అరకు దాకా చెట్లను, కాఫీ తోటలను కూల్చింది. రాళ్లు పెట్టి ఆపిన రేకు అలాంటి గాలికి ఆగదు. దూలానికి ఇనుప కొక్కేలతో బిగించాలి, కర్రలను నేలలో లోతుగా పాతాలి.

చలి సంగతి వేరు. నాలుగైదు అంగుళాల కాంక్రీటు శ్లాబు రాత్రి త్వరగా చల్లబడుతుంది, రేకు ఇంకా త్వరగా. శ్లాబు మీద పెంకులు పరచడం, కింద వెదురు తడికతో ఫాల్స్ సీలింగు వేయడం చవకగా కుదిరే మార్గాలు. ఉత్తరం వైపు కిటికీలు తగ్గించి తూర్పు, దక్షిణాలకు పెంచితే చలికాలపు ఎండ లోపలికి వస్తుంది.

బిల్లులు, కొలతలు

ప్లానులో మార్పును మార్గదర్శకాలు నిషేధించలేదు. గ్రామీణ ఆవాస్ యోజన నియమాలు ప్రాంతానికి తగిన పలు నమూనాలను లబ్ధిదారు ముందు ఉంచాలని చెబుతాయి. గ్రామీణాభివృద్ధి శాఖ, యూఎన్‌డీపీ, ఐఐటీ ఢిల్లీ కలిసి దేశంలోని ప్రాంతీయ గృహరీతుల సంకలనం పహల్‌ను వెలువరించాయి. గ్రామీణ మేస్త్రులకు 45 రోజుల శిక్షణ కూడా పథకంలో భాగం.

ఆచరణలో చేయి కట్టేసేది బిల్లు. డబ్బు దశలవారీగా వస్తుంది: బేస్‌మెంట్, గోడలు కప్పు మట్టానికి రావడం, శ్లాబు, పూర్తి. ప్రతి దశలో సిబ్బంది స్థలం గుర్తులతో సహా ఫోటో తీస్తారు. ఫోటోలో ఇల్లు నమూనాలా కనిపిస్తే బిల్లు సాఫీగా కదులుతుందన్న నమ్మకం మార్పులను చివరికి నెడుతుంది. ఇంకో చిక్కు ఆశ. చేతిలో ఉన్న సాయానికి మించి పునాది పెద్దది వేసి, గోడలు లేచాక అప్పులో ఆగిపోయిన ఇళ్లు ఏ పథకంలోనైనా కనిపిస్తాయి. పొరుగున తెలంగాణలో 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం ఇంటికి 5 లక్షల రూపాయలు ఇస్తూ కనీసం 400, గరిష్ఠం 600 చదరపు అడుగుల హద్దు పెట్టింది. పెద్దది కడితే బిల్లు ఆగుతుంది కనుక అక్కడ మార్పు ఆ హద్దుల మధ్యే సాగాలి.

బిల్డరు ఇళ్లతో పోలిక

విశాఖపట్నం, హైదరాబాద్ వంటి నగరాల్లో కొనుగోలుదారు మార్పులను బుకింగు సమయంలో అడుగుతాడు: రెండో బాల్కనీని వంటగదిలో కలపడం, పూజగది, గుమ్మం దిక్కు, అడ్డుగోడ తీసివేత. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) 14వ సెక్షను ప్రకారం మంజూరైన ప్లానును, కొనుగోలుదారుడి ముందస్తు అంగీకారం లేకుండా బిల్డరు మార్చకూడదు. అతడు కోరిన చిన్న మార్పులు చేయవచ్చు. భవన సముదాయం మొత్తానికి చెందిన మార్పులకు మూడింట రెండు వంతుల కొనుగోలుదారుల అంగీకారం కావాలి. నిర్మాణ లోపం ఐదేళ్లలోపు బయటపడితే బాధ్యత బిల్డరుదే. మన్యంలో ఇలాంటి ఒప్పందం లేదు. మార్చే స్వేచ్ఛ కుటుంబానిదే, పగులు వస్తే భరించేదీ కుటుంబమే. అపార్టుమెంటులో కదపలేని బీమును ఇంజినీరు గీతతో చూపిస్తాడు. ఇక్కడ ఆ మాట చెప్పవలసింది మేస్త్రి. అందుకే మేస్త్రి శిక్షణ ఈ ప్రాంతంలో ప్లాను నాణ్యతతో సమానమైన విషయం.

ఇతర చోట్ల అనుభవాలు

కుటుంబం పూర్తి చేసుకునేలా ఇల్లు గీయడమనే ఆలోచనకు చరిత్ర ఉంది. డచ్ వాస్తుశిల్పి హబ్రాకెన్ 1961లో, మారని కట్టడాన్ని సంస్థ కట్టాలని, మారే లోపలి భాగాన్ని నివాసికి వదలాలని వాదించాడు. ఇండోర్‌లో బి.వి.దోషి రూపొందించిన అరణ్య కాలనీలో పేద కుటుంబాలకు స్థలం, దిమ్మె, నీటి సదుపాయపు భాగం ఇచ్చి మిగతాది వారికే విడిచారు. దానికి 1995లో ఆగాఖాన్ పురస్కారం దక్కింది. చిలీలోని ఇకీకే పట్టణంలో 2004లో అలెహాంద్రో అరవేనా బృందం సుమారు 100 కుటుంబాలకు సగం ఇల్లు కట్టి, పక్కనే మరో సగానికి ఖాళీ వదిలింది. ఎదురు అనుభవం ఈజిప్టుది: హసన్ ఫతీ 1940లలో మట్టితో అందంగా కట్టిన న్యూ గూర్నా గ్రామంలోకి పోవడానికి ఆ ఊరివారు ఇష్టపడలేదు. స్థానిక మట్టి వాడినంత మాత్రాన స్థానికుల సమ్మతి రాదని అది నేర్పింది.

చర్చ

మన్యంలో ఈ విషయంపై రెండు వాదనలున్నాయి. ఒకటి, సంప్రదాయ రూపాన్ని కాపాడేలా మట్టి, వెదురు, పెంకులతో తెగకో నమూనా ఇవ్వాలన్నది. రెండోది, శ్లాబు ఇల్లు గౌరవానికి, భద్రతకు గుర్తు కనుక గిరిజనులకు మాత్రం మట్టిల్లు చాలుననడం వివక్ష అన్నది. శ్లాబును కోరుకుంటూనే పాత ఇంటిని నిలుపుకునే కుటుంబాలు రెండింటిలోనూ కొంత నిజముందని చూపుతున్నాయి. వారు వద్దంటున్నది కాంక్రీటును కాదు, పొయ్యికి, పంటకు, పశువుకు చోటివ్వని గదుల అమరికను.

దీన్నిబట్టి నమూనా ఇంటిని పూర్తయిన ఇల్లుగా కాక మొదటి భాగంగా గీయడం ఎక్కువ ఉపయోగకరం. వెనక వంటపాక ఎక్కడ వస్తుందో, ముందు వాలు ఏ ఎత్తున ఆనుతుందో, రెండో గది తలుపు ఏ లింటెల్ కింద తెరుచుకుంటుందో కాగితం మీదే చుక్కల గీతలతో చూపితే ఖర్చు దాదాపు పెరగదు. ఇవే మార్పులు శ్లాబు పోశాక చేస్తే కూలి, సామాను రెండోసారి కొండ ఎక్కాలి. లబ్ధిదారు కుటుంబం, ముఖ్యంగా వంట, విత్తనం, కోతల తర్వాతి పని చూసే ఆడవారు, ముగ్గు పోయకముందే మేస్త్రితో, గృహనిర్మాణ శాఖ అసిస్టెంట్ ఇంజినీరుతో కూర్చుని ఈ గీతలు గీయించుకోగలిగే వ్యవధి ఇవ్వడం, పథకం నియమాలేవీ మార్చకుండానే ఐటీడీఏ స్థాయిలో చేయగల పని.